విమానం బేరం

మా వైపు పాడిబర్రెను కొనడానికి వొక శాస్త్రం వుంది. ముందు పళ్ళు చూస్తారు. తరవాత పొదుగు చూస్తారు, నడిపించి చూస్తారు, రెండు పూటలా పాలు పిండించి చూస్తారు. బేరగాడు చెప్పినదాంట్లో సగం కొట్టేస్తారు. మిగిలిన సగాన్ని అనుమానిస్తారు. ఇంతా చేసి తోలుకొచ్చిన బర్రె మర్నాడు పొద్దున్నే చెంబు తన్నేస్తే, రుణానుబంధమని సరిపెట్టుకుంటారు.

పోయిన దసరా సెలవుల్లో నేను వొక యుద్ధవిమానాన్ని బేరం చేశాను. దానికి పళ్ళు లేవు, పొదుగు లేదు. నడిపించి చూద్దామంటే ముందు డబ్బు కట్టమన్నారు.

పాఠకులు కంగారు పడవలసిన పని లేదు. వేములపల్లిలో నా పెరడు విమానం దిగేటంత పెద్దది కాదు. అందులో వున్న రెండు నిమ్మచెట్లకే చోటు చాలదు. ఇది కంప్యూటరులో యెగిరే విమానం. ఫ్లైట్ సిమ్యులేటర్ అని వొక ఆట వుంది. ఆట అంటే అది ఆడేవాళ్ళు వొప్పుకోరు, అభ్యాసం అంటారు. బల్ల మీద వొక పిడి, కాళ్ళ కింద రెండు పెడళ్ళు, యెదట తెర. తెరలో భూగోళమంతా వుంటుంది. ఆకాశం మీదనించి తీసిన ఫోటోలను నేల మీద పరిచినట్టు పరిచి, కొండలు కొండలంత యెత్తున, నదులు నదులంత వెడల్పున చూపిస్తారు. బేగంపేటలో లేచి, కృష్ణ వెంబడే వస్తే నాగార్జునసాగరం కనిపిస్తుంది, వాడపల్లి దగ్గర మూసీ వచ్చి కృష్ణలో కలవడం కనిపిస్తుంది. కాస్త ఓపిక పడితే మా వూరి చెరువు కూడా దొరుకుతుంది.

అసలు కార్యక్రమంతో పాటు కొన్ని విమానాలు వాళ్ళే ఇస్తారు. మోజు ముదిరినవాళ్ళు పాతకాలపు విమానాల్ని విడిగా కొనుక్కుంటారు. వెల రెండువేలనించి నాలుగువేల దాకా వుంటుంది. ఆ వెల పోసి కొన్న వస్తువును తాకి చూడడానికి లేదు, మారుబేరానికి అమ్ముకోవడానికి లేదు, చివరికి పాతసామాన్లవాడు కూడా తీసుకోడు. యీ మూడు మాటలూ నావి కావు, మా ఆవిడవి.

తెలుగు యెమ్మే చదివి, కాలేజీలో ఛందస్సు చెప్పుకునేవాడికి యీ పిచ్చేమిటని మా స్టాఫ్‌రూములో అడుగుతారు. పుష్పకవిమానాన్ని యేటేటా నల్లబల్ల మీదికి యెక్కించి దింపేవాణ్ణి, వొక్కసారి నేనూ యెక్కి చూద్దామనుకోవడంలో తప్పేముంది? పుష్పకానికి వొక సుగుణం వుందని పెద్దలు చెబుతారు. యెంతమంది యెక్కినా ఇంకొకరికి చోటు మిగులుతుందట. నేను కొనదలచిన విమానాలన్నిటికీ వొకటే ఆసనం. యీ సంగతి కూడా మా ఆవిడకు నచ్చలేదు.

మావాడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. పండక్కి వచ్చి, నాకు గురుత్వం వహించాడు. "స్పిట్‌ఫైరు కొనుక్కో నాన్నా, అందరూ అదే కొంటారు" అన్నాడు. అందరూ కొంటారంటే నాకు కొంచెం వెనకాముందూ ఆడే గుణం వుంది. అయినా ఆ విమానం బొమ్మ చూసిన తరవాత కాదనడం కష్టం. రెక్కలు తమలపాకు అంచు తీరిచినట్టు వుంటాయి. అది మొదట యెగిరింది 1936 మార్చి 5న. దాన్ని రూపొందించిన ఆర్. జె. మిచెల్ మరుసటి యేడే, నలభైరెండేళ్ళ వయసులో, కాన్సరుతో పోయాడు. యుద్ధంలో తన విమానం యేం చేసిందో ఆయనకు తెలియనే తెలియదు.

అమ్మేవాళ్ళు రాసే వర్ణనలు చదివితే మన ప్రబంధకవులు పెన్ను కింద పెట్టాలి. ప్రతి విమానమూ అసలుకు అచ్చు, ప్రతి మేకూ లెక్క ప్రకారం కొట్టిందే. వారం రోజులు చదివి నేను గ్రహించినవి కొన్ని వున్నాయి. మొట్టమొదటిది, వొక కార్యక్రమం కోసం చేసిన విమానం ఇంకొకదాంట్లో యెగరదు. డి.సి.యస్. అనేదానికి చేసిన స్పిట్‌ఫైరు మైక్రోసాఫ్ట్ వారి సిమ్యులేటరులో పనికిరాదు. మైక్రోసాఫ్ట్ వారిదే పాత కూర్పుకు చేసింది కొత్తకూర్పులో సరిగా కుదురుతుందన్న పూచీ లేదు. యీ సంగతి తెలియక ముందే డబ్బు కట్టినవాళ్ళు చాలామంది వున్నారు. వాళ్ళలో వొకణ్ణి నాకు బాగా తెలుసు. ఆయన పేరు ఇక్కడ రాయను, రోజూ పొద్దున అద్దంలో కనిపిస్తూనే వుంటాడు.

రెండోది, మంచి విమానానికి గుర్తు అది పాడవడం. నవ్వకండి. స్పిట్‌ఫైరులో వుండే మెర్లిన్ ఇంజను నీటిగుణం గల ద్రవంతో చల్లబడేది. నేల మీద యెక్కువసేపు నిలబెడితే రేడియేటరుకు గాలి చాలక మరిగిపోతుంది. చవకరకం విమానాన్ని మధ్యాహ్నం యెండలో గంటసేపు నిలబెట్టినా దానికేం కాదు. మంచిరకంలో ముల్లు యెర్రగీత దాటుతుంది, పొగ వస్తుంది, ప్రయాణం అక్కడితో సమాప్తం. కాపీ కొట్టనివ్వని మాస్టారి లాంటిదన్నమాట. ఆ క్షణాన తిట్టుకుంటాం గాని చదువు అక్కడే వస్తుంది.

ముక్కు పొడుగు గనక నేల మీద వున్నప్పుడు యెదట యేముందో కనబడదు. పాములా అటూ ఇటూ మెలికలు తిరుగుతూ, పక్కనించి తొంగిచూస్తూ నడపాలి. చక్రాలు దగ్గరదగ్గరగా వుండి తూలుతుంది. లేచేటప్పుడు యెడమకు లాగుతుంది, కుడికాలు బిగబట్టాలి. తొలిరోజుల స్పిట్‌ఫైరులో చక్రాలు పైకి లాగడానికి చేతిపంపు కొట్టాలి. కుడిచెయ్యి పంపు కొడుతుంటే యెడమచేతిలోని పిడి కూడా వూగి, విమానం తల వూపుకుంటూ పైకి పోయేదట. దిగేటప్పుడు రెక్కల వెనక వాల్చే ఫ్లాపులకు రెండే స్థితులు. పూర్తిగా పైకి, లేదా పూర్తిగా కిందికి. మధ్యేమార్గం లేదు. ఇవన్నీ చేశాడా లేదా అని చూసుకుని కొనాలి. చెయ్యకపోతే అది స్పిట్‌ఫైరు వేషం కట్టిన మామూలు విమానం.

ఇక రంగులు. విమానం కొన్నాక దానికి యే దళం రంగులు వెయ్యాలో మన ఇష్టం. ఔత్సాహికులు రంగులు గీసి వూరికే పంచిపెడతారు. మావాడు ఆ జాబితా చదువుతూ చదువుతూ, "నాన్నా, ఇందులో హైదరాబాదు వుంది" అన్నాడు.

కంట్లో నలుసు పడ్డట్టయింది. బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని చూశాను. నిజమే. ఇంగ్లండు రాయల్ ఎయిర్‌ఫోర్సులో 152వ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అని పేరు. 1939 అక్టోబరులో ఆ దళాన్ని మళ్ళీ నిలబెట్టారు. 1940లో ఇంగ్లండు దక్షిణతీరాన వార్మ్‌వెల్ అనే చోటునించి స్పిట్‌ఫైర్లతో జర్మనీ విమానాలను యెదుర్కున్నది అదే. విమానం పక్కన యు, ఎం అనే అక్షరాలు. దళం చిహ్నంలో సాక్షాత్తూ నిజాం నవాబుగారి తలపాగా. కింద రాసుకున్న మాటకు అర్థం 'నమ్మకమైన మిత్రుడు' అని. అది ఇంగ్లీషువాళ్ళు నిజాముకు ఇచ్చిన బిరుదు. 253వ దళానికి హైదరాబాద్ స్టేట్ అని పేరు. వాళ్ళు హరికేన్లు నడిపారు. అంతకు ముందు, 1918లోనే, మొదటి యుద్ధం చివరిలో 110వ దళానికి వచ్చిన విమానాలు నిజాం కానుక. వొక్కొక్క విమానం మీదా ఆ సంగతి రాయించారు. 152వ దళం 1943 చివరిలో తూర్పుకు వచ్చి బర్మాలో జపానువాళ్ళతో పోరాడింది. అప్పుడు వాళ్ళ స్పిట్‌ఫైర్ల మీద నల్లచిరుత దూకుతున్నట్టు బొమ్మ వేసుకున్నారు. కోస్తా పాఠకులు చిన్నబుచ్చుకోనక్కరలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ పేరు పెట్టుకున్న దళాలు కూడా వున్నాయి, 79, 234, 264 అని.

ఆ రోజుల్లో విరాళాలు వసూలు చేసేవాళ్ళు స్పిట్‌ఫైరు వెల అయిదువేల పౌనులని లెక్క కట్టారు. అప్పటి మారకం ప్రకారం సుమారు అరవైయారువేల రూపాయలు. నవాబుగారు లోకంలోకెల్లా శ్రీమంతులే అనుకోండి. కాని ఆయన పెట్టెలోకి రూపాయి యెక్కడనించి వచ్చింది? నల్లగొండ జిల్లా రైతు శిస్తు కట్టాడు. యుద్ధం రోజుల్లో లెవీ ధాన్యం కొలిచాడు. పండినా యెండినా లెవీ కొలవవలసిందే. తెలంగాణా పల్లెల్లో ఆనాటి కసికి లెవీ వొక పెద్ద కారణం. రూపాయి మీద యే వూరి పేరూ రాసి వుండదు గాని, ఆ స్పిట్‌ఫైరు రెక్కలో మా వేములపల్లి జొన్నగింజ వొకటైనా లేకపోలేదు.

దీనికి నేను కోపగించుకోవాలా, గర్వపడాలా అన్నది రెండు రోజులు తేలలేదు. 'నమ్మకమైన మిత్రుడు' అన్న మాట నాకు ఇప్పటికీ గొంతు దిగదు. మిత్రత్వం ఆయనది, జొన్నలు మావి. అయితే ఆ ఖజానాలోంచి బయటికి పోయిన డబ్బులో హిట్లరు మీదికి పోయిన డబ్బు మరీ దండగఖర్చు కాదని నా అభిప్రాయం. హైదరాబాదు రంగులతో స్పిట్‌ఫైరు కొందామని నిశ్చయించుకున్నాను. పాతికమార్లు చదివి, కార్డు చేతిలోకి తీసుకున్నాను.

అప్పుడు మా పెదనాయన వచ్చాడు.

పెదనాయనకు యెనభైయెనిమిదేళ్ళు. చూపు కొంచెం తగ్గింది గాని, ఆ పెద్దచెవులకు మాత్రం వీధిచివర పాలవాడి సైకిలు చప్పుడు కూడా అందుతుంది. సాయంత్రం పూట కర్ర పొడుచుకుంటూ మా అరుగు మీదికి వస్తాడు, టీ తాగి పోతాడు.

"ఏం జేస్తున్నవ్‌రా అయ్యా?"

"ఇమానం కొంటున్న పెదనాయనా."

"ఎంత?"

"మూడువేలు."

"మూడువేలకు మేకపోతు రాదు గదరా! ఏ ఇమానం? సూరియాపేట మీదికి వచ్చినదేనా?"

నా చేతిలో కార్డు చేతిలోనే వుండిపోయింది.

ఆయన చెప్పిన సంగతి చెప్పే ముందు పిల్లపాఠకుల కోసం వొక మాట. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. పోలీసు యాక్షన్ అన్నారు. పెద్దదళం పడమటనించి షోలాపూరు దారిన వచ్చింది. తూర్పున బెజవాడనించి వచ్చినవాళ్ళు మొదటిరోజే కోదాడ, మునగాల దాటారు. సూర్యాపేట దగ్గర మాత్రం నిజాం సైన్యం కొండవాలుల్లో కాచుకుని కాల్పులు జరిపింది. అక్కడి మొహరింపుల మీదికి విమానాలు వచ్చాయి. వెనక్కి తగ్గుతూ తగ్గుతూ నిజాం సైనికులు మూసీ వంతెనను పేల్చేశారు. భారత సైన్యం దాన్ని త్వరలోనే బాగుచేసుకుని ముందుకు వెళ్ళింది. 17వ తేదీకల్లా అంతా అయిపోయింది. ఇంగ్లండుకు మూడు దళాల విమానాలు సమకూర్చిన నవాబుకు ఆనాడు తన ఆకాశంలో చెప్పుకోదగ్గ యుద్ధవిమానం వొకటి లేదు. ఆయుధాలు మాత్రం కరాచీనించి రాత్రిళ్ళు దొంగతనంగా వచ్చేవి. వాటిని తెచ్చిన సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడే, యుద్ధం మొదట్లో స్పిట్‌ఫైర్లలో తుపాకులు తీసేయించి, కెమేరాలు పెట్టించి, శత్రువుల భూమిని పైనించి ఫోటో తీసే విద్యకు దారి వేసినవాడు. లోకం అప్పటికే చాలా చిన్నది.

ఆ యేడు గొడవల్లో మా పెదనాయనను అమ్మమ్మగారి వూరికి పంపించారు. అది సూర్యాపేట పక్కనే. అక్కడేదో భద్రమని కాదు, యెవరికి యెటు తోస్తే అటు పిల్లల్ని పంపించే రోజులవి. ఆయనకు పదకొండేళ్ళు. అమ్మమ్మకు వొక చూడిబర్రె వుంది. దాన్ని మేపుకు రమ్మని పంపారు. ఆముదాలచేను గట్టున పలుపు పట్టుకుని కూచున్నాడు.

"ముందు నాకు చప్పుడు వినబడ్డది. ఉరుమనుకున్న. మొగులు చూస్తె అట్ల లేదు. తలకాయ మీదికి వచ్చిందాక తెల్వలేదురా అయ్యా! చెట్టంత ఎత్తున పోయింది. నేను ఆముదాల్లకు బోర్లపడ్డ, చెవులు మూసుకున్న. లేచి చూస్తె దాని వీపు కానొచ్చింది, పోతున్నది. చేతిల పలుపు లేదు. బర్రె లేదు."

మూడు రోజులు వెతికారు. సూర్యాపేట రోడ్డుకేసి వెళ్ళే ధైర్యం యెవరికీ లేదు. బర్రె దొరకలేదు. అమ్మమ్మ ఇంటికి అదే ఆధారం, నెల రోజుల్లో ఈనవలసిన బర్రె. మేనమామ చర్నాకోలతో కొట్టాడు. దెబ్బలు మానిపోయాయి. మానంది మాట. "ఇమానం పొయ్యింది సూరియాపేటకు. నీ మీదికెందుకు వస్తది? నిద్రపోయినవ్, పలుపు ఇడిసినవ్" అన్నాడట మేనమామ. పెళ్ళిళ్ళలో అన్నాడు, పండగల్లో అన్నాడు, మా పెదనాయనకు పెళ్ళీడు పిల్లలు వచ్చాక కూడా అన్నాడు. చుట్టాల్లో 'బర్రెను పోగొట్టిన పిలగాడు' అనే పేరు నిలబడింది. ఆ మేనమామ పోయి నలభై యేళ్ళయింది. పెదనాయన మాత్రం యీ పొద్దుటికీ మధ్యాహ్నం పూట నడుం వాల్చడు. యెందుకు నిద్రపోడో నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు.

మావాడు అంతా విని, "తాతా, నీ కేసు మళ్ళీ తెరుద్దాం" అన్నాడు.

సూర్యాపేట మీదికి వచ్చింది స్పిట్‌ఫైరు కాదు. ఆ చర్యలో భారత వైమానిక దళం దాడికి వాడింది టెంపెస్టు. దాన్ని చేసింది హాకర్ కంపెనీ. హరికేనును గీసిన సిడ్నీ కామ్ చేతిదే యీ గీత కూడా. రెక్కల్లో నాలుగు ఫిరంగులు, వొక్కొక్కటి ఇరవై మిల్లీమీటర్ల నోరు. స్పిట్‌ఫైరు పక్కన పెడితే నర్తకి పక్కన వస్తాదు నిలబడ్డట్టు వుంటుంది. బేరం మొత్తం మళ్ళీ మొదటికి వచ్చింది. ఇప్పుడు మాకు కావలసింది అందమైన విమానం కాదు. బర్రెను బెదరగొట్టిన విమానం.

చిక్కులు అక్కడే మొదలైనాయి. మావాడు వెతికి వెతికి వొక టెంపెస్టును పట్టుకొచ్చాడు. ఐ.యల్.-2 అనే ఇంకొక యుద్ధవిమానాల ఆటలో వుంది. చాలా శ్రద్ధగా చేసిన విమానం. కాని అది అయిదో రకం. దానికి సేబర్ ఇంజను, ఇరవైనాలుగు సిలిండర్లు, ముక్కు కింద వేలాడే పెద్దగడ్డం. ఆ గడ్డంలో రేడియేటరు. 1944లో ఇంగ్లండు మీదికి వచ్చిన జర్మనీ యెగిరేబాంబులను వెంటాడి కూల్చింది అదే. మన వైమానిక దళం తీసుకున్నది రెండో రకం. దానికి సెంటారస్ ఇంజను, పద్దెనిమిది సిలిండర్లు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా పేర్చినవి, గాలితో చల్లబడేది, గడ్డం లేని మొండిముక్కు. అల్లాంటి టెంపెస్టు వొకటి ఢిల్లీ పాలంలోని వైమానికదళ ప్రదర్శనశాలలో వుంది. దాని నెంబరు హెచ్.ఎ. 623. అదే చోట స్పిట్‌ఫైరు కూడా వుంది. ఇంకొకటి, మనవాళ్ళు వాడి విడిచిందే, ఇంగ్లండు మ్యూజియానికి చేరింది. అయిదో రకం ఇంజనుకూ రెండో రకం ఇంజనుకూ గొంతు వొకటి కాదు. పైగా ఆ ఆటలో వున్న భూమి వేరు. టెంపెస్టు యెగిరేది రైను నది మీద, జర్మనీ పొలాల మీద. సూర్యాపేట అందులో లేదు.

అంటే, టెంపెస్టు వున్న చోట సూర్యాపేట లేదు. సూర్యాపేట వున్న చోట మావాడికి నాణ్యమైన టెంపెస్టు దొరకలేదు, స్పిట్‌ఫైరు దొరికింది. పరిష్కరణ పనిలో మాకు ఇల్లాంటివి తగులుతూ వుంటాయి. వొక ప్రతిలో పద్యం వుంటుంది, పాఠం చెడి వుంటుంది. ఇంకొక ప్రతిలో పాఠం బాగుంటుంది, సరిగ్గా ఆ ఆకే చెదలు తిని వుంటుంది.

ముందు చప్పుడు పరీక్ష పెట్టాం. యెవరో నడిపి తీసిన వీడియోలే పెట్టి, పెదనాయన చెవులకు హెడ్‌ఫోను తగిలించాం. మొదట స్పిట్‌ఫైరు. కళ్ళు మూసుకుని విన్నాడు. "మంచిగుంది. పాట పాడినట్టున్నది. ఇది కాదు" అన్నాడు. తరవాత జర్మనీ పొలాల మీద తక్కువ యెత్తులో పోతున్న టెంపెస్టు. వింటూ వింటూ కర్ర మీద చెయ్యి బిగించాడు. అయిపోయిన తరవాత చాలాసేపు మాట్లాడలేదు. "దగ్గెరకు వచ్చింది. అన్న అనుకోరాదు తమ్ముడనుకో" అన్నాడు. ఇంజను వేరని నేను చెప్పలేదు. ముప్ఫై యేళ్ళు పాఠం చెప్పినవాడు కూడా వొక గ్రంథానికి సోదరగ్రంథాన్ని అంత ఖచ్చితంగా పోల్చలేడు.

మరి యేది కొనాలి? మావాడు టెంపెస్టుకే వోటు వేశాడు. నిజానికి దగ్గర వున్నది అదేనన్నాడు. నేను రాత్రంతా ఆలోచించి స్పిట్‌ఫైరుకే వచ్చాను. విమానం తప్పయితే సర్దుకోవచ్చు. రైనునది మీద బర్రెను వెతకలేం. యింకొక కారణం కూడా వుంది, అది మావాడికి చెప్పలేదు. నలుగురి ముందూ రెండువారాలనించి హైదరాబాదు దళం గురించి ఉపన్యాసాలిచ్చి వున్నాను. ఇప్పుడు మాట మార్చడం కష్టం.

మర్నాడు డబ్బు కట్టాం. విమానం దిగడానికి మూడు గంటలు పట్టింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. యు, ఎం అక్షరాలు వేసిన రంగు తొడిగాం. సాయంత్రం పెదనాయనను తెర ముందు కుర్చీలో కూచోబెట్టి, నేను పక్కన పీట మీద కూచుని నడిపాను. బేగంపేటలో ఇంజను వేడెక్కే లోపలే లేచాను. యెప్పుడూ రన్‌వే పక్క గడ్డిలోకి పోయే నా విమానం ఆ పూట బుద్ధిగా లేచింది. ఇరవై నిమిషాల్లో సూర్యాపేట.

పెదనాయన తెర మీదికి వంగి చూశాడు. గుర్తుపట్టలేదు. యెట్లా పడతాడు? ఆయన చూసిన నేల యెర్రచెలకలు, ఆముదాలు, జొన్న. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరుకు పునాదిరాయి వేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్ళు వదిలారు. ఆ తరవాత యెడమకాలవ కింద మా ప్రాంతమంతా రంగు మారిపోయింది. మిర్యాలగూడ పేరు చెబితే లోకానికి బియ్యపు మిల్లులు గుర్తొస్తాయి. మేము చూస్తున్న ఫోటో యీ కాలానిది.

"పచ్చగ ఏందిరా ఇదంత?"

"వరి, పెదనాయనా."

"ఆముదాలచేను ఏది?"

లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మూసీని చూపించాను. మూసీని పట్టుకున్నాడు. వేలితో తెర మీద వొరుసుకుంటూ, "గిట్ల రోడ్డు పోతది... గిదే వంతెన జాగ... ఇగో ఇటు, ఇటు తిప్పు... గుట్ట వున్నదా? ఆఁ, గుట్ట కింద" అన్నాడు. గుట్ట దొరికింది. గుట్టలు యెక్కడికీ పోవు గదా.

"కిందికి దించు."

దించాను.

"ఇంకా."

"తాతా, పడిపోతది" అన్నాడు మావాడు.

"ఇంకా దించుమన్న గద."

చెట్ల మీదుగా పోయేటంత దించాను. మావాడు యెప్పుడు పెంచాడో తెలియదు, స్పీకర్ల చప్పుడు ఇల్లంతా నిండిపోయింది. స్టవు మీద టీ పెట్టిన మా ఆవిడ వులిక్కిపడి గరిట వదిలేసింది. గరిట స్టీలుగిన్నె మీద పడి, ఆ గిన్నె గట్టు మీదనించి కింద పడి, గుమ్మం దాకా దొర్లుకుంటూ వచ్చింది. దొడ్లో పక్కింటివాళ్ళ దూడ వొక్క అరుపు అరిచింది.

పెదనాయన నెమ్మదిగా వెనక్కి తిరిగి, గుమ్మంలో నిలబడ్డ మా ఆవిడను చూశాడు.

"ఏమమ్మా, భయమయ్యిందా?"

"భయం కాదా పెద్దమామా! పానం పోయినంత పనయింది."

"నువ్వు పలుపు పట్టుకొని వుంటె?"

మా ఆవిడకు ముందురోజు కథంతా నేను చెప్పే వున్నాను. కింద పడ్డ గిన్నె తీసుకుంటూ, "నేనైతే బర్రెకంటె ముందురుకుదును" అంది.

ఆయన మావాడి వైపు తిరిగాడు. "ఇన్నవా? మీ అమ్మ చెప్పింది, యాది పెట్టుకో."

యీ లోపల నేను తెర వైపు చూడలేదు. హైదరాబాదు దళం స్పిట్‌ఫైరు యెవరి వరిచేలోనో ముక్కు గుచ్చుకుని వుంది. పెదనాయన దాన్ని పట్టించుకోలేదు. టీ తాగాడు, ఇంకొక అరగ్లాసు పోయించుకున్నాడు. కర్ర కోసం చెయ్యి చాపాడు గాని లేవలేదు. కుర్చీలో అలాగే వెనక్కి వాలాడు. కాసేపటికి మావాడు స్పీకర్లు తగ్గించి, వేలు పెదవి మీద పెట్టి నాకు సైగ చేశాడు.

పెదనాయన నిద్రపోతున్నాడు.